మా కౌంటీకి చరిత్రెక్కడిది?

"ఏం రా, ఈ ఊరు కట్టకముందు ఈడ ఏముండె?"

2016లో మా నాయన మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు, రెండో రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి మేము ఆ ఇల్లు కొనుక్కుని పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నాకు రాని అనుమానం ఆయనకి రెండో రోజే వచ్చేసింది.

"ఏముంటుంది నాయనా, అడవి ఉండుంటుంది" అన్నా, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

"అడవైతే ఆ పెద్ద రోడ్డుకి బెల్మాంట్ అని పేరెట్లా వచ్చె?"

నా దగ్గర జవాబు లేదు. "బిల్డరు పెట్టుంటాడు" అని తప్పించుకున్నా. తర్వాత తెలిసింది, ఆ జవాబు పూర్తిగా తప్పని.

మేముండేది వర్జీనియాలోని లౌడన్ కౌంటీ. వాషింగ్టన్‌కి పడమరగా, కారులో ఓ గంట. (ట్రాఫిక్ లేకపోతే ముప్పావుగంట. ట్రాఫిక్ లేని రోజు నేనింకా చూళ్ళేదు.) 1960లో ఈ కౌంటీ జనాభా పాతిక వేలు కూడా లేదు. 2000 నాటికి లక్షా డెబ్భై వేలు, 2020 లెక్కల్లో నాలుగు లక్షల ఇరవై వేలు దాటింది. ఆ పెరిగిన వాళ్ళలో మనవాళ్ళు బోలెడుమంది. గోంగూర దొరుకుతుంది, పిల్లలకి కూచిపూడి మాస్టారు దొరుకుతారు, ఉగాదికి పంచాంగ శ్రవణం కూడా దొరుకుతుంది. ఇంక చరిత్రతో మనకేం పని? నలుగురం కలిసినప్పుడల్లా "అమెరికాకి చరిత్రెక్కడిదండీ, రెండొందల యాభై ఏళ్ళ దేశం, మన చార్మినారంత వయసు కూడా లేదు" అని నవ్వుకోవడం మామూలే. నేనూ నవ్వినవాణ్ణే.

మా నాయన మాత్రం ఊరుకోలేదు. ఆయన రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాడు. ఏ ఊరు చూసినా ముందు ఆ భూమి ఎవరిదో తెలియాలి. ఇక చేసేదిలేక, ఆయనున్న నాలుగు నెలలూ శనివారాలు ఆయన్ని కారెక్కించుకుని తిరిగా. ఆ తిరుగుడులో నేను నేర్చుకున్నదీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నా.

ముందు పేరు సంగతి. 1757లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ నుంచి విడదీసి దీన్ని ఏర్పాటు చేశారు. అప్పుడు వర్జీనియా గవర్నర్‌గా ఉన్న లార్డ్ లౌడన్ అనే స్కాట్లండ్ దొర పేరు పెట్టారు. గవర్నరు అంటే పేరుకే, ఆయన తరఫున పనంతా లెఫ్టినెంట్ గవర్నరు చూసేవాడు. (మన భాషలో చెప్పాలంటే పని ఇక్కడి లీడుది, పేరు ఆన్‌సైట్ మేనేజరుది.) అంతకుముందు ఇక్కడ అడవే ఉండేదన్న నా మాట కూడా తప్పే. ఇది ఇక్కడి మూలవాసులు వేటాడి, తిరిగిన నేల. 1722లో ఆల్బనీ ఒప్పందంతో ఇరొక్వా జాతులు బ్లూ రిడ్జ్ కొండలకి ఇవతలికి రాకూడదని గీత గీశాక, తెల్లవాళ్ళు ధైర్యంగా వచ్చి స్థిరపడ్డారు. పెన్సిల్వేనియా నుంచి క్వేకర్లు, జర్మన్లు వచ్చి చిన్న చిన్న పొలాలు చేసుకున్నారు. దక్షిణం నుంచి పెద్ద భూస్వాములు బానిసల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఈ రెండు రకాల జనం ఒకే కౌంటీలో పక్కపక్కన బతకడమే లౌడన్ చరిత్రంతా అనుకోవచ్చు.

మొదటి శనివారం పొటోమాక్ నది దగ్గర వైట్స్ ఫెర్రీకి వెళ్ళాం. తీగ పట్టుకుని కార్లని అవతలి మేరీలాండ్ ఒడ్డుకి చేర్చే బల్లకట్టు. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి కదా, మా నాయన మొహం వెలిగిపోయింది. "ఇంత పెద్ద దేశంలో ఇంకా బల్లకట్టేంది రా!" అని రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. అప్పట్లో ఆ పడవకి జూబల్ ఎర్లీ అనే దక్షిణాది జనరల్ పేరుండేది. 2020లో ఆ పేరు తీసేశారు. అదే ఏడాది డిసెంబరులో పడవే ఆగిపోయింది. ఆయన అదృష్టం, ఆగకముందే ఎక్కాడు.

అక్కణ్ణుంచి దగ్గరే బాల్స్ బ్లఫ్. 1861 అక్టోబరు 21న, అంతర్యుద్ధం మొదలైన కొత్తలో, ఉత్తరాది సైన్యం నది దాటి ఈ గుట్ట ఎక్కింది. సరిపడా పడవలు తెచ్చుకోలేదు. సాయంత్రానికి ఓడిపోయి వెనక్కి పరిగెత్తితే దాటడానికి దారి లేదు. చాలామంది నదిలో మునిగిపోయారు, కొన్ని శవాలు వాషింగ్టన్ దాకా కొట్టుకుపోయాయట. లింకన్‌కి ప్రాణ స్నేహితుడు, తన రెండో కొడుక్కి పేరు పెట్టుకునేంత స్నేహితుడు, సెనేటర్ ఎడ్వర్డ్ బేకర్ ఇక్కడే చనిపోయాడు. పదవిలో ఉండగా యుద్ధంలో చనిపోయిన అమెరికా సెనేటర్ ఇప్పటికీ ఆయనొక్కడే. గుట్ట మీద చిన్న రాతి గోడ మధ్య శ్మశానం ఉంది. అందులో 54 మంది ఉన్నారు, పేరు తెలిసింది ఒక్క జేమ్స్ ఆలెన్‌ది మాత్రమే. ఇళ్ళ వీధి చివర కారాపుకుని నడిచి వెళ్ళొచ్చు. నేను ఆ పక్క అవుట్‌లెట్ మాల్‌కి కనీసం యాభైసార్లు వెళ్ళుంటాను, ఇటు మాత్రం ఒక్కసారీ తిరగలేదు.

తర్వాతి వారం కౌంటీ రాజధాని లాంటి లీస్‌బర్గ్. ఈ ఊరికో గమ్మత్తైన కథ ఉంది. 1814 ఆగస్టులో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్‌ని తగలబెట్టడానికి వస్తోందని తెలిసి, ప్రభుత్వంలో గుమాస్తాగా పనిచేసే స్టీఫెన్ ప్లెజన్టన్ అనే ఆయన, స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం అసలు ప్రతుల్ని గుడ్డ సంచుల్లో కుట్టించి, బండ్ల మీద ఇక్కడికి తెచ్చి దాచాడు. అంటే కొన్నాళ్ళు అమెరికా దేశం మొత్తం కాగితాల రూపంలో మా కౌంటీలో ఒక ఇంట్లో ఉందన్నమాట! బ్యాకప్ విలువ తెలిసిన మొదటి ఉద్యోగి ఈయనేనేమో.

కోర్టు ముందు అప్పట్లో తుపాకీ పట్టుకున్న సైనికుడి విగ్రహం ఒకటుండేది. మా నాయన దాని చుట్టూ తిరిగి, "ఇది గెలిచినోళ్ళదా, ఓడినోళ్ళదా?" అన్నాడు. ఓడినవాళ్ళదని చెప్పా. "ఓడినోళ్ళు కోర్టు ముందర బొమ్మ పెట్టుకున్నారంటే, నిజంగా ఓడినట్టేనా?" అన్నాడు.

ఆ మాటకి నేను తర్వాత చాలా చదవాల్సొచ్చింది. యుద్ధం అయిపోయింది 1865లో. విగ్రహం పెట్టింది 1908లో, నలభై మూడేళ్ళ తర్వాత. ఆ మధ్యలో నల్లవాళ్ళకి వచ్చిన ఓటు హక్కుని వర్జీనియాలో ఒక్కో మెలికా పెట్టి లాగేశారు. అంతకుముందు ఇదే కోర్టు దగ్గర మనుషుల్ని వేలం వేశారు. 1933లో ఇదే కోర్టులో జార్జ్ క్రాఫర్డ్ అనే నల్లతని మీద హత్య కేసు నడిచింది. ఆయన తరఫున వాదించింది చార్ల్స్ హామిల్టన్ హ్యూస్టన్ నాయకత్వంలో అందరూ నల్లజాతి లాయర్లే. దక్షిణాది కోర్టులో అప్పట్లో ఇది వినీ ఎరగని సంగతి. నల్లవాళ్ళని జ్యూరీలోకి ఎందుకు రానివ్వరని హ్యూస్టన్ నిలదీశాడు. కేసు ఓడిపోయాడు కానీ క్రాఫర్డ్‌కి ఉరి తప్పి యావజ్జీవం పడింది. ఆ హ్యూస్టన్ శిష్యుడే తర్వాత సుప్రీం కోర్టు జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్. విగ్రహాన్ని 2020 జులైలో తీసేశారు. మా నాయనకి ఫోన్లో చెప్తే, "ఇప్పుడు ఓడినారు" అన్నాడు.

అక్టోబరు మొదటి వారం వాటర్‌ఫర్డ్‌లో తిరునాళ్ళ. 1733లో ఏమస్ జాన్నీ అనే క్వేకర్ మొదలుపెట్టిన చిన్న ఊరు. పిండి మర, రాతి ఇళ్ళు, వంకర రోడ్లు.. అన్నీ అలాగే ఉన్నాయి. క్వేకర్ల మతం ప్రకారం యుద్ధం పాపం, బానిసత్వం పాపం. అంతర్యుద్ధం వచ్చినప్పుడు వర్జీనియా రాష్ట్రం దక్షిణాది వైపు వెళ్తే, ఈ ఊరు ఉత్తరాది వైపు నిలబడింది. ఇక్కడి మర యజమాని సామ్యూల్ మీన్స్ ఉత్తరాది తరఫున ఒక గుర్రపు దళాన్నే తయారుచేశాడు. 1864లో ముగ్గురు అమ్మాయిలు, లైడా డటన్, లిజీ డటన్, సారా స్టీర్, చుట్టూ శత్రు సైన్యం ఉండగా ఉత్తరాదిని సమర్థిస్తూ నాలుగు పేజీల పత్రిక నడిపారు. వచ్చినవి ఎనిమిది సంచికలే. కానీ ఆ రోజుల్లో, ఆ చోట! మనం మారుపేరుతో ఒక కామెంట్ పెట్టడానికే పదిసార్లు ఆలోచిస్తాం.

ఇంత చేసినందుకు వీళ్ళకి దక్కిన బహుమానం ఏంటో తెలుసా? ఈ ప్రాంతంలో మోస్బీ అనే దక్షిణాది గెరిల్లా నాయకుడు దొరక్కుండా తిరుగుతున్నాడని, 1864 నవంబరు చివర్లో ఉత్తరాది సైన్యమే వచ్చి ఇక్కడి కొట్టాలు, గడ్డివాములు, మరలు తగలబెట్టింది. పశువుల్ని తోలుకుపోయింది. మావాళ్ళా, పరాయివాళ్ళా అని చూడలేదు. తమ సైన్యమే తమ కొట్టం తగలబెడుతుంటే చూస్తూ నిలబడ్డ ఆ క్వేకర్ రైతుల గురించి గైడు చెప్తుంటే మా నాయన నెమ్మదిగా తలూపాడు. "సర్కారుకి మంచోళ్ళ కొట్టం, చెడ్డోళ్ళ కొట్టం అని ఉండదు" అన్నాడు. ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. కాస్సేపట్లో చెప్తా.

ఇక ఓట్లాండ్స్. లీస్‌బర్గ్‌కి దక్షిణంగా ఉన్న పెద్ద బంగళా, తెల్లటి స్తంభాలు, మెట్లు మెట్లుగా దిగే తోట. పెళ్ళి ఫొటోలు తీసుకోడానికి మనవాళ్ళు కూడా వెళ్తుంటారు. దీని యజమాని జార్జ్ కార్టర్ 1804లో కట్టడం మొదలుపెట్టాడు. నన్ను కదిలించింది ఈయన తండ్రి కథ. రాబర్ట్ కార్టర్ వర్జీనియాలోనే గొప్ప భూస్వాముల్లో ఒకడు. 1791లో, చట్టం ఒత్తిడి ఏమీ లేకుండానే, మనిషిని మనిషి సొంతం చేసుకోవడం తప్పని దస్తావేజు రాసి దాదాపు 500 మంది బానిసల్ని దఫాలుగా విడుదల చేయడం మొదలుపెట్టాడు. అంతర్యుద్ధానికి ముందు ఒక్క మనిషి ఇంతమందిని వదిలిపెట్టడం ఇంకెక్కడా లేదంటారు. ఆయన కొడుకు తండ్రిచ్చిన మూడు వేల పైచిలుకు ఎకరాలు తీసుకున్నాడు, తండ్రి దారి మాత్రం తీసుకోలేదు. 1860 నాటికి ఓట్లాండ్స్‌లో 130 మందికి పైగా బానిసలున్నారు. కౌంటీలో అదే పెద్ద లెక్క. "కాలం అలాంటిది, ఎవరికీ తప్పని తెలీదు" అనే మాట వింటుంటాం కదా, ఈ ఇంట్లో ఆ మాట చెల్లదు. తెలిసినవాడు సొంత తండ్రే.

విడుదలైన తర్వాత ఆ కుటుంబాల్లో కొందరు దగ్గర్లోనే గుట్ట మీద తమ ఊరు కట్టుకున్నారు, గ్లీడ్స్‌విల్. ఇలాంటి నల్లవాళ్ళ ఊళ్ళు యుద్ధం తర్వాత కౌంటీ అంతటా వెలిశాయి. వాటి దారిలో బాణం గుర్తులుండవు, టికెట్లుండవు. ఓట్లాండ్స్‌కి మాత్రం రెండూ ఉన్నాయి.

ఆ శరదృతువులోనే మా యాష్‌బర్న్ పేరు జాతీయ వార్తల్లోకెక్కింది. 1892లో నల్లజాతి పిల్లల కోసం కట్టిన ఒంటిగది బడి ఒకటుంది, మా ఇంటికి పది నిమిషాలు. దాన్ని పక్కనే ఉన్న బడి పిల్లలు బాగుచేయిస్తున్నారు. ఒక రాత్రి కొందరు కుర్రాళ్ళు వచ్చి గోడల నిండా స్వస్తిక గుర్తులు, బూతులు రాసిపోయారు. (నాజీల స్వస్తిక అని మా నాయనకి విడమర్చి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.) ఐదుగురు దొరికారు, అందరూ టీనేజీ పిల్లలే. జైలుకి పంపకుండా నెలకో పుస్తకం చొప్పున ఏడాది పాటు చదివి, వ్యాసాలు రాయమని శిక్ష వేశారు. జాత్యహంకారం గురించి, యూదుల ఊచకోత గురించి. అది వినగానే నాకు అనిపించింది, ఈ శిక్ష నాకూ వేస్తే బావుండునని. ఆ బడి ముందునుంచి పదకొండేళ్ళు కారులో పోయినవాణ్ణి, అదేంటని ఎప్పుడైనా చదివానా?

అసలు మా పిల్లలు చదివే లౌడన్ బడుల చరిత్రే తీసుకోండి. ఇక్కడ నల్లవాళ్ళ పిల్లలకి హైస్కూలు లేకపోతే, వాళ్ళ తల్లిదండ్రులే విందులు పెట్టి, చందాలు వేసుకుని, 4,000 డాలర్లతో స్థలం కొని, దాన్ని కౌంటీకి ఒక్క డాలరుకి అమ్మారు, "ఇప్పుడైనా కట్టండి" అని. అలా 1941లో డగ్లస్ హైస్కూల్ వచ్చింది. బడుల్లో వేర్పాటు చెల్లదని సుప్రీం కోర్టు 1954లో తీర్పిస్తే, ఇక్కడ పూర్తిగా అమలైంది 1968లో. మనకి వలస తలుపులు తెరిచిన చట్టం 1965ది. తేదీలు పక్కపక్కన పెట్టుకు చూస్తే విషయం అర్థమవుతుంది. రంగున్న మా పిల్లలు ఈ బడుల్లో దర్జాగా కూర్చుంటున్నారంటే, ఆ చందాలేసుకున్న వాళ్ళకీ, కోర్టుల చుట్టూ తిరిగిన హ్యూస్టన్‌కీ మనం బాకీ. నేను మాత్రం "స్కూల్ రేటింగ్ పదికి తొమ్మిది" అని చూసి ఇల్లు కొన్నా.

బెల్మాంట్ సంగతి కూడా తేల్చేద్దాం. అది 1800 ప్రాంతంలో లడ్‌వెల్ లీ అనే ఆయన కట్టిన బంగళా పేరు. ఇప్పుడది గోల్ఫ్ క్లబ్బు. ఆ రోడ్డు హైవేలో కలిసేచోట చెట్ల మధ్య అక్కడి బానిసల శ్మశానం ఉంది. చాలావాటికి చెక్కిన పేర్లు లేవు, నిలబెట్టిన నాపరాళ్ళే గుర్తు. చాలాకాలం తుప్పల్లో కలిసిపోయి ఉంటే, లౌడన్ ఫ్రీడమ్ సెంటర్ అనే సంస్థ పట్టుబట్టి దాన్ని కాపాడింది. ఆ సిగ్నల్ దగ్గర నేను రోజూ రెండు నిమిషాలు ఆగుతాను.

చివరిది, అన్నిటికంటే నన్ను పట్టుకుని వదలనిది, మా నాయన వెళ్ళిపోయాక తెలిసింది. డల్లెస్ ఎయిర్‌పోర్టు. 1998లో రెండు సూట్‌కేసులతో నేను దిగింది అక్కడే, ఆయన దిగిందీ అక్కడే. సారినెన్ గీసిన ఆ ఎగిరే కప్పుని చూసి "ఎంత అందంగా ఉంది" అనుకోనివాళ్ళుండరు. దాన్ని మొదట ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని బర్క్ దగ్గర కడదామనుకున్నారు. అక్కడివాళ్ళు గట్టిగా గొడవచేస్తే ఆగిపోయింది. 1958లో కొత్త చోటు ఎంచుకున్నారు, ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ సరిహద్దులో. అక్కడ విల్లర్డ్ అనే ఊరుండేది. అంతర్యుద్ధం తర్వాత ఎక్కువగా నల్లవాళ్ళు కాస్త కాస్త భూమి కొనుక్కుని కట్టుకున్న ఊరు. ప్రభుత్వం దాన్ని సేకరించింది. ఇళ్ళు కూల్చేసింది. 1962 నవంబరులో కెనడీ వచ్చి ఎయిర్‌పోర్టుని ప్రారంభించాడు.

లీస్‌బర్గ్ లైబ్రరీలో ఈ సంగతి చదివిన రోజు నేను అక్కడే చాలాసేపు కూర్చుండిపోయా. ఎందుకంటే మా ఊరు కూడా లేదు.

మాది కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున పల్లె. 1981లో శ్రీశైలం డ్యాము నీళ్ళలో మునిగిపోయిన వంద దాకా ఊళ్ళలో అదీ ఒకటి. నాకప్పుడు ఆరేళ్ళు. ట్రాక్టర్ మీద రోలు, మంచం, మా జేజి ఏడుపు.. అంతే గుర్తు. సంగమం దగ్గరి కూడవెల్లి గుడిని మాత్రం రాళ్ళు విప్పదీసి అలంపురం తీసుకెళ్ళి మళ్ళీ కట్టారు. మంచిపనే, కాదనను. కానీ ఊళ్ళ రాళ్ళకి నెంబర్లు ఎవరూ వెయ్యలేదు. డ్యాము కట్టినవాళ్ళు, దాని కరెంటు వాడుకున్నవాళ్ళు చెడ్డవాళ్ళని కూడా అనలేను. ఆ కరెంటు కింద చదువుకునే నేనిక్కడికొచ్చా, విల్లర్డ్ మీద దిగా.

మా నాయనకి ఫోన్ చేసి విల్లర్డ్ గురించి చెప్పా. కాస్సేపు మాట్లాళ్ళేదు. తర్వాత, "ఆ ఊరోళ్ళ పేర్లు ఎవరన్నా రాసి పెట్టినారా?" అని అడిగాడు. స్థానిక చరిత్ర రాసేవాళ్ళు కొంత రాశారని చెప్పా. "మంచిది. మనోళ్ళవి ఎవరు రాసినారు?" అన్నాడు.

ఇప్పుడు మా కౌంటీలో పొలాలు పోయి ఇళ్ళొచ్చాయి, ఇళ్ళ పక్కన కిటికీల్లేని డేటా సెంటర్లొచ్చాయి. ఒకప్పుడు ఏఓఎల్ కంపెనీ హెడ్డాఫీసు ఉన్న చోట కూడా అవే. అంటే ఇంటర్నెట్ చరిత్ర కూడా ఇక్కడ అప్పుడే కూల్చేసి మళ్ళీ కడుతున్నారు. నా జీతం వాటి మీదే కాబట్టి ఎక్కువ మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ ఇల్లు కొనేముందు రేటింగులు, టాక్సులు, వాస్తు చూసినట్టే, ఆ నేల ఎవరిదో కూడా ఒకసారి చూడండి. తూర్పు గుమ్మం ఉందో లేదో కనుక్కోవడం కంటే కష్టమేం కాదు. కౌంటీ రికార్డులు ఉన్నాయి, లైబ్రరీలున్నాయి, రోడ్డు పక్కన ఇనప బోర్డులున్నాయి. కారాపి దిగాలి, అంతే.

మా నాయనకి డెబ్భై తొమ్మిదేళ్ళు. పోయిన వేసవిలో నేను కర్నూలు వెళ్ళినప్పుడు, పెద్ద చార్టు పేపరు, స్కెచ్ పెన్నులు కొనిచ్చి, ఊరి పటం గీయమన్నా. "ఇప్పుడెందుకు లే" అంటూనే మొదలుపెట్టాడు. రచ్చబండ, చావిడి, బావి, బెస్తవాళ్ళ వీధి, మాదిగవాడ, పుట్టి కట్టే రేవు.. ఒక్కో ఇంటికి పేరు రాశాడు. నూట పద్నాలుగు ఇళ్ళు గుర్తొచ్చాయి. మాదిగవాడ దగ్గర ఏడు ఇళ్ళకి పేర్లు గుర్తు రాలేదు. "అటువైపు నేనెక్కువ పోలేదు రా" అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ.

ఆ ఏడు పేర్ల కోసం ఇప్పుడు వెతుకుతున్నాం. ఆ వాడవాళ్ళలో ఇద్దరు ఆత్మకూరులో ఉన్నారని తెలిసింది. వచ్చే నెల మా నాయన వెళ్ళి అడుగుతానన్నాడు.